212 ఫ్లాట్లు, 11 పెట్టెలు

మా అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్లు 212. నెలకోసారి మెయింటెనెన్సు బిల్లు వేయాలి, ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వచ్చాయో రాసుకోవాలి, గేటు దగ్గర వచ్చేపోయేవాళ్ల పేర్లు ఎక్కించాలి. ఇంతే పని. దీనికి మా సెక్రటరీ గారి అబ్బాయి ఒక అప్లికేషన్ రాశాడు. అందులో కంటైనర్లు 11. లెక్కేసి చూస్తే 19 ఫ్లాట్లకు ఒకటి చొప్పున పడింది. మా వాచ్‌మన్‌లు కూడా అంతమంది లేరు.

ఈ గొడవ నా నెత్తికెలా చుట్టుకుందంటే, ఒక ఆదివారం పొద్దున్నే ప్రెసిడెంట్ గారు తలుపు కొట్టారు. "మీరు కంప్యూటర్లలోనే కదండీ రిటైరయ్యారు, కాస్త చూడండి. ఈ నెల బిల్లులు ఎవరికీ రాలేదు" అన్నారు. కంప్యూటర్లలో అంటే ఏ కంప్యూటర్లలోనో, ఏ కాలంలోనో ఆయన అడగలేదు. మా ఆవిడ వంటింట్లోంచే, "వెళ్లండి, ఇక్కడ నామీద గొణిగే బదులు అక్కడ గొణగండి" అంది. వెళ్లాను. అప్పట్నుంచి గొణుగుతూనే ఉన్నాను.

కుర్రాడు మంచివాడే. కుర్చీ వేశాడు, మంచినీళ్లిచ్చాడు. ల్యాప్‌టాప్ తెరిచి 'డాకర్ కంపోజ్ అప్' అని కొట్టాడు. తెర నిండా బతుకమ్మ రంగుల్లో వరసలు పరుగెత్తాయి. "చూశారా అంకుల్, ఒక్క కమాండుతో మొత్తం లేస్తుంది" అన్నాడు.

"మొత్తం అంటే ఏమేం లేస్తాయి నాన్నా?" అన్నాను.

వేళ్లు మడిచాడు. గుమ్మంలో ఎంజినెక్స్. తర్వాత లాగిన్ ఒకటి, బిల్లులు ఒకటి, ట్యాంకర్లు ఒకటి, విజిటర్లు ఒకటి. ఎస్సెమ్మెస్ పంపేది ఒకటి, పీడీఎఫ్ చేసేది ఒకటి. డేటాబేసు పోస్ట్‌గ్రెస్. లాగిన్ అయినవాళ్లని గుర్తు పెట్టుకోవడానికి రెడిస్. ఒకళ్ల సంగతి ఇంకొకళ్లకు చేరేయడానికి రాబిట్ ఎంక్యూ. పది. పదకొండోది ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. ఫైలు తీసి చూస్తే అది పాత లాగిన్. కొత్తది రాశాక దాన్ని తీసేయడం మరిచిపోయాడు. ఎవరికీ పనికిరాకుండా నెలల తరబడి నడుస్తూనే ఉంది, తింటూనే ఉంది.

గోచీని ఎలుక కొరుకుతోందని పిల్లిని తెచ్చి, పిల్లి పాలకోసం ఆవుని తెచ్చి, చివరికి సంసారంలో పడ్డ సన్యాసి కథ చిన్నప్పుడు విన్నాం. ఈ అబ్బాయి కూడా మొదట్లో ఒక్క బిల్లుల ప్రోగ్రామే రాశాట్ట. పీడీఎఫ్ ఆలస్యమవుతోందని దాన్ని విడదీశాడు. విడిపోయినవి మాట్లాడుకోవాలని రాబిట్ వచ్చింది. రాబిట్ ఉంది కదా అని ఎస్సెమ్మెస్ వేరు కాపురం పెట్టింది. ఒకే గదిలో పక్కపక్కన కూర్చుని పలకరించుకోవాల్సిన పనులన్నీ ఇప్పుడు ఒకదానికొకటి ఉత్తరాలు రాసుకుంటున్నాయి.

మా రోజుల్లో సర్వర్లకు పేర్లుండేవి. 1998లో బేగంపేటలో మా ఆఫీసు. మూడు సన్ యంత్రాలు, వాటిమీద సోలారిస్. ఒకదాని పేరు గోదావరి, ఒకటి కృష్ణ, ఇంకోటి పెన్న. గోదావరిలో ఒరాకిల్, కృష్ణలో అపాచీ, పెన్నలో మిగతా అడ్డమైన పనులన్నీ. పెన్న ఎప్పుడూ ఎండిపోయేది, పేరు పెట్టినవాడి నోటి వాక్కు అలాంటిది. ఏ ప్రోగ్రాము ఏ డైరెక్టరీలో ఉందో, ఏ ఫ్యాను చప్పుడు మారిందో, ఏ డిస్కుకు ఆయువు మూడుతోందో నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఏసీ గదిలో స్వెట్టరు వేసుకుని కూర్చునేవాణ్ణి. హైదరాబాదులో మే నెలలో స్వెట్టరు వేసుకున్న జాతి మాదే.

ఒక ప్రోగ్రాము ఎక్కించాలంటే అదొక తతంగం. మోడెము పెట్టి రాత్రంతా టార్ ఫైలు దింపేవాళ్లం. మధ్యలో ఎవరో ఫోనెత్తితే మళ్లీ మొదటికి. దింపాక విప్పాలి, కాన్ఫిగర్ చేయాలి, మేక్ చేయాలి. ఫలానా లైబ్రరీ లేదని ఆగిపోతుంది. అది తెస్తే దాని వెర్షను సరిపోదు. సరైన వెర్షను వేస్తే పక్క ప్రోగ్రాము పడుకుంటుంది. లినక్సు యంత్రాల మీదైతే పీసీక్వెస్ట్ పత్రికతో వచ్చిన సీడీలే మాకు గతి. ఆ సీడీలు అరిగిపోయేదాకా వాడాం. ఇవన్నీ ఇప్పటి పిల్లలకు చెబితే, ఎడ్లబండి కట్టుకుని తిరుపతి వెళ్లిన తాతని చూసినట్టు చూస్తారు. పోనీండి.

కానీ ఒక్క సుఖం ఉండేది. ఏదైనా ఆగిపోతే చూడాల్సిన చోటు ఒక్కటే. ఒక యంత్రం, ఒక ప్రోగ్రాము, ఒక లాగ్ ఫైలు. 'టెయిల్' అని కొట్టి కూర్చుంటే రోగం తనంత తానే వచ్చి ఒడిలో పడేది.

ఆ ఆదివారం ఏమైందో వినండి. ఏడు చేపల కథ మీకు తెలుసు. ఎండని చేప గడ్డి మీదకు తోస్తుంది, గడ్డి ఆవు మీదకు, ఆవు పశువుల కాపరి మీదకు, అలా పోయిపోయి చీమ దగ్గర తేలుతుంది. అచ్చం అదే జరిగింది. ఎస్సెమ్మెస్ ఎందుకు పంపలేదంటే, రాబిట్ నుంచి నాకేమీ రాలేదంది. రాబిట్‌ని అడిగితే, పంపేవాళ్లని నేనే ఆపేశానంది. పీడీఎఫ్ బిల్లుల మీద చెప్పింది, బిల్లులు పోస్ట్‌గ్రెస్ మీద చెప్పింది. ఒక్కొక్కదానికి ఒక్కో లాగ్, ఒక్కో భాష, ఒక్కో గడియారం. రెండు యూటీసీలో, మిగతావి ఐఎస్టీలో. అయిదున్నర గంటల తేడా నోటిలెక్కన కూడుకుంటూ, తీసేసుకుంటూ రెండు గంటలు కూర్చున్నాం. చివరికి పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో కనబడింది నా పాత స్నేహితుడు: నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్. డిస్కు నిండిపోయింది. 1998లో పెన్న కూడా సరిగ్గా ఇదే వాక్యం, ఇవే అక్షరాలతో చెప్పేది. పాతికేళ్లలో మారనిది ఇదొక్కటే అనుకుంటా, చూడగానే కళ్లు చెమర్చాయి. రాబిట్ కూడా డిస్కులో ఖాళీ బాగా తగ్గితే కొత్తవి తీసుకోవడం మానేస్తుంది. తప్పు దానిది కాదు.

ఇంతకీ చీమ ఎవరు? విజిటర్ల కంటైనరు. పరీక్ష కోసం పెట్టుకున్న డీబగ్ మోడ్ తీయలేదు. గేటు దగ్గర తీసిన ప్రతి ఫొటోనూ అక్షరాలుగా మార్చి లాగ్‌లో కుమ్మరిస్తోంది. అయిదు నెలలుగా దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. 40 జీబీ డిస్కులో 31 జీబీ నిండా డెలివరీ కుర్రాళ్ల ముఖాలే. డాకర్‌కి మనం వేరే చెప్పకపోతే లాగ్‌లను జేసన్ ఫైళ్లుగా రాసుకుంటూ పోతుంది. ఇంత పరిమాణం దాటనివ్వకు అని మనమే రాయాలి. ఆ రెండు వరసలు ఈ అబ్బాయి రాయలేదు.

"ఓవర్‌హెడ్ ట్యాంకుకి ఫ్లోటు పెట్టకుండా మోటారు వేస్తే ఏమవుతుంది?" అన్నాను.

"పొర్లిపోతుంది అంకుల్."

"మరి?"

"డాకరే చూసుకుంటుందనుకున్నా."

ఈ మాట దగ్గరే నాకు కోపం వస్తుంది. డాకరే చూసుకుంటుంది. పెట్టెలో పెట్టేశాక లోపల ఏముందో మనకనవసరం. ఈ ధీమా ఎక్కడిదో నాకు బాగా తెలుసు, ఎందుకంటే దాన్ని నేను మొదట సముద్రం ఒడ్డున విన్నాను.

మా మేనమామ విశాఖ పోర్టులో కళాసీ. ఓడ వచ్చిందంటే హేచ్‌లోకి దిగడం, గోనె బస్తాలు స్లింగులో వేయడం, వించి ఎత్తాక మళ్లీ వేయడం. ఒక్క ఓడ ఖాళీ కావడానికి రోజులకు రోజులు పట్టేది. బస్తా భుజాన పడగానే అందులో ఏముందో చెప్పేవాడు. పంచదార చెమరుస్తుంది, ఎరువు మండుతుంది, బియ్యం ఒంటికి ఒదిగి కూర్చుంటుంది అనేవాడు. ఆయనకు తెలియకుండానే అమెరికాలో ఆయన పనికి ఎసరు పెట్టినవాడు ఒకడున్నాడు, మాల్కమ్ మెక్‌లీన్ అని లారీల యజమాని. 1956 ఏప్రిల్ 26న ఐడియల్ ఎక్స్ అనే ఓడ మీద 58 ఇనప పెట్టెలు పెట్టి నెవార్క్ నుంచి హ్యూస్టన్ పంపాడు. బస్తాలుగా, విడివిడిగా ఎక్కిస్తే టన్నుకు అయిదు డాలర్ల 86 సెంట్లు అయ్యే ఖర్చు, పెట్టెలతో 16 సెంట్లకు దిగిందట. ఇక ఏ కళాసీ నిలబడతాడు?

2003లో విశాఖలో కంటైనర్ టెర్మినల్ మొదలయ్యేసరికి మామయ్య రిటైరై ఇంట్లో ఉన్నాడు. ఒకరోజు చూసొచ్చి అరుగు మీద కూలబడి, "లోపలేటుందో తెలీకుండానే ఎత్తేస్తన్నార్రా" అన్నాడు. మెచ్చుకున్నాడో తిట్టాడో నాకిప్పటికీ తేలలేదు.

పదేళ్లు తిరిగేసరికి నా వంతు వచ్చింది. 2013 మార్చిలో శాంటా క్లారాలో పైథాన్ వాళ్ల సభలో సాలమన్ హైక్స్ అనే ఆయన అయిదే అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఆ అయిదు నిమిషాల్లో ప్రపంచానికి డాకర్‌ని చూపించాడు. డాకర్ అంటే రేవు కూలీ అనే. గుర్తేమో పెట్టెలు మోస్తున్న తిమింగలం. మా మామయ్య పేరు పెట్టి, మా మామయ్య పని తీసేసిన పెట్టెని బొమ్మ వేసుకున్నారు. తర్వాత లండన్‌లో ఒక చిన్న కంపెనీ ఫిగ్ అని ఒక పనిముట్టు చేసింది. నాలుగైదు కంటైనర్లను ఒకే ఫైల్లో రాసి ఒకేసారి లేపేది. 2014లో డాకర్ ఆ కంపెనీని కొనేసి దానికి కంపోజ్ అని పేరు పెట్టింది. మన కుర్రాడు కొట్టిన ఒక్క కమాండు అదే.

అయితే ఇందులో నాకు ఒళ్లు మండేది వేరే ఉంది. వీళ్లంతా దీన్ని నిన్న పుట్టిన వింతలా చెబుతారు. ఒక ప్రోగ్రాముకి ఒక డైరెక్టరీని చూపించి ఇదే నీ లోకం అని నమ్మించే 'సీహెచ్‌రూట్' 1979లో యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే ఉంది. 2000లో ఫ్రీబీఎస్డీ వాళ్లు జైలు అని పేరు పెట్టి గోడలు గట్టి చేశారు. 2005లో సోలారిస్ 10 వచ్చినప్పుడు జోన్లు నా చేత్తో నేనే కట్టాను, ఒకే యంత్రంలో నాలుగు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. లినక్సులో ఒక్కో ప్రాసెస్ ఇంత మెమరీ, ఇంత సీపీయూ మించకూడదని కట్టడి చేసే సీగ్రూపుల పని 2006లో గూగుల్ ఇంజనీర్లు మొదలుపెట్టారు, 2008లో కెర్నెల్‌లో కలిసింది. ఇన్ని దశాబ్దాల కూలిపని మీద నిలబడి, పెట్టెకు రంగేసి, 'నాది' అన్నారు. రంగు బాగుంది, ఒప్పుకుంటాను.

కుర్రాడికి ఇదంతా చెబితే ఆవలించాడు. సరే అని సర్వరులోకి వెళ్లి, ఏ కంటైనర్‌లోకీ దూరకుండా బయటినుంచే 'పీఎస్' కొట్టాను. వరసగా అన్నీ కనబడ్డాయి. పోస్ట్‌గ్రెస్, దాని పిల్ల ప్రాసెస్‌లు, రెడిస్, అన్నీ.

"ఇవి కంటైనర్ లోపల కదా ఉండాలి అంకుల్?" అన్నాడు. కాలేజీలో నాలుగేళ్లు, ఉద్యోగంలో రెండేళ్లు అయినవాడు. లోపల ఇంకో చిన్న కంప్యూటరు ఉంటుందని అనుకుంటున్నాడు.

"లోపల అని ఏమీ లేదు నాన్నా. అది మామూలు ప్రాసెస్సే. చుట్టూ తెరలు కట్టారు. దాని లెక్కలో దాని నంబరు 1, బయటి లెక్కలో 2317. నిన్ను మీ ఇంట్లో చిన్నోడా అంటారు, ఆధార్ కార్డులో వేరే పేరుంటుంది. మనిషివి ఒక్కడివే కదా?"

వర్చువల్ మెషీన్ అంటే సొంత బోరు, సొంత సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇండిపెండెంట్ ఇల్లు. కంటైనర్ అంటే మన ఫ్లాటు. గోడలు మనవి, పునాది అందరిదీ. కెర్నెల్ అనే ఆ పునాది ఒక్కటే. సీగ్రూప్ అంటే ఫ్లాటుకో నీళ్ల మీటరు. ఇది చెప్పాక మొదటిసారి వాడి కళ్లల్లో వెలుగు చూశాను. వెంటనే ఫోను తీసి ఏదో రాసుకున్నాడు. ఫోన్లో రాసుకున్నది చదువుతారా అని నాకో అనుమానం, ఉండనీండి.

తర్వాత పోస్ట్‌గ్రెస్ కంటైనర్‌లోకి దిగాను. ఒక ఫైలు దిద్దుదామని 'వీఐ' కొట్టాను. లేదంది. 'పింగ్' లేదు. ఇల్లిచ్చారు గానీ ఒక గిన్నె లేదు, గరిటె లేదు. సైజు తగ్గించడానికి తీసేస్తారట. లోపల దిద్దినా రేపు కొత్త కంటైనర్ లేచాక ఆ దిద్దుబాటు పోతుంది కాబట్టి దిద్దకూడదట. ఇది మాత్రం సబబైన మాటే. కానీ వీఐ లేని యూనిక్సు మీద చేతులు పెట్టడం ఈ జన్మలో వస్తుందనుకోలేదు.

వాళ్లలా సైజు తగ్గిస్తుంటే, అబ్బాయి చేసిన బిల్లుల ఇమేజి, అంటే కంటైనర్‌కి మూస, 1.4 జీబీ ఉంది. 212 ఫ్లాట్ల బిల్లులు వేసే ప్రోగ్రాముకి. మా ఒరాకిల్ నడిచిన గోదావరికి డిస్కే అంత సులువుగా దొరికేది కాదు. విప్పి చూస్తే పెద్ద బేస్ ఇమేజి మీద వాడి ల్యాప్‌టాప్‌లో ఉన్న చెత్తంతా కాపీ అయింది. గుప్పెడు మెగాబైట్ల ఆల్పైన్ ఇమేజి పక్కనే ఉండగా! అందులో పాస్‌వర్డులున్న ఫైలు కూడా ఉంది. అడిగితే, "తర్వాత వరసలో తీసేశాను అంకుల్" అన్నాడు. ఇమేజి పొరలు పొరలుగా ఉంటుంది. కింది పొరలో పెట్టింది పై పొరలో తీసేస్తే కనబడదు, పోదు. ఎన్నికల గోడ రాతల మీద సున్నం కొట్టినట్టు. గీకితే గుర్తుతో సహా బయటికొస్తుంది. కట్టే సామాను ఒక దశలో ఉంచేసి, కట్టిన వస్తువును మాత్రమే శుభ్రమైన పెట్టెలోకి మార్చే పద్ధతి డాకర్‌లో 2017 నుంచీ ఉంది. అలా చేయిస్తే 180 ఎంబీకి దిగింది.

ఇమేజి ఎలా కట్టాలో రాసే డాకర్‌ఫైలు మొదటి వరసలో నోడ్, పక్కన లేటెస్ట్ అని ఉంది. లేటెస్ట్ అంటే సరికొత్తది అని వీడి నమ్మకం. అది ఒట్టి చీటీ. ఎవరు దేనికి అంటిస్తే దానికి అంటుకుంటుంది. ఇవాళ కట్టిన పెట్టె, రేపు అదే ఫైలుతో కడితే వేరే పెట్టె కావచ్చు.

ఇక్కడ నా గొంతు కాస్త తగ్గించాలి.

మా రోజుల్లో డాకర్‌ఫైలు లేదు, లాంగ్ నోట్‌బుక్ ఉండేది. 200 పేజీలది, అట్ట మీద 'కృష్ణ' అని రాసుకున్నాను. ఏ సర్వరు ఎలా కట్టామో వరసగా, తారీకులతో, ఎర్ర బాల్‌పెన్నుతో. ఎవరికీ ఇచ్చేవాణ్ణి కాదు. 2001లో కృష్ణ డిస్కు పోయింది. బ్యాకప్ టేపులో డేటా ఉంది, ఫరవాలేదు. కొత్త డిస్కు పెట్టి, నోట్‌బుక్ తెరిచి, గర్వంగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. చివరి పేజీకి వచ్చాక అపాచీ లేవలేదు. రెండోసారి కట్టాను, లేవలేదు. మూడు పగళ్లు, రెండు రాత్రులు. క్లయింటు ఫోన్లు, మా బాసు మొహం, అవన్నీ వద్దు. ఎక్కడో రెండేళ్ల కిందట ఒక అర్ధరాత్రి, ఒక లైబ్రరీని ఏదో ఫ్లాగు మార్చి కంపైల్ చేశాను. పొద్దున రాసుకుందాంలే అనుకున్నాను. ఆ పొద్దున రాలేదు. ఆ ఒక్క వరస నా బుర్రలోనూ లేదు, పుస్తకంలోనూ లేదు, చచ్చిపోయిన డిస్కులో మాత్రమే ఉంది.

అందుకని ఆ కుర్రాడు నా ముందు మొత్తం సర్వరు చెరిపేసి, కొత్తది తీసుకుని, నాలుగు నిమిషాల్లో 11 కంటైనర్లనూ లేపి, "చూశారా అంకుల్" అన్నప్పుడు నేనేమీ అనలేదు. టీ చల్లారిపోయిందని మాత్రం అన్నాను. డాకర్‌ఫైలు నా నోట్‌బుక్కే. కాకపోతే అందులో రాయనిది జరగదు, జరిగింది రాయకుండా ఉండటం కుదరదు. వాడు నా కన్నా సోమరి, కానీ వాడి పుస్తకం నా పుస్తకం కన్నా నిజాయితీ గలది. ఈ మాట వాడితో చెప్పలేదు, మీతో చెబుతున్నాను.

ఆ నాలుగు నిమిషాలూ ఇంటర్నెట్ దయ అని కూడా చెప్పాలి. పెట్టెలన్నీ ఊరివాళ్ల గోదాము నుంచి వస్తాయి. 2020 నవంబరు నుంచి డాకర్ హబ్ వాళ్లు లెక్క పెట్టడం మొదలుపెట్టారు. ఖాతా లేకుండా తీసుకునేవాళ్లకు ఆరు గంటలకు 100 అని. మా పీసీక్వెస్ట్ సీడీ ఏనాడూ ఎన్నిసార్లు తీశావని అడగలేదు.

కంపోజ్ ఫైలు సంగతి కూడా చెప్పుకోవాలి. దాన్ని యామల్‌లో రాస్తారు. ఎవడు కనిపెట్టాడో గానీ, మా మేక్ ఫైల్లో వరస మొదట ట్యాబ్ లేకపోతే ఒప్పుకునేది కాదు. ఈ యామల్‌లో ట్యాబ్ ఉంటే ఒప్పుకోదు. ముప్ఫై ఏళ్లు ట్యాబ్ కొట్టి అలవాటైన చిటికెనవేలిని అరవై దాటాక ఎలా మార్చుకోను? కళ్లజోడు సర్దుకుంటూ కనిపించని చుక్కల కోసం గంటసేపు వెతికాను.

వాడి తప్పులు ఇంకా ఉన్నాయి, త్వరత్వరగా చెప్పేస్తాను. మొదట్లో బిల్లుల ప్రోగ్రాములో డేటాబేసు చిరునామా లోకల్‌హోస్ట్ అని రాశాట్ట. కంటైనర్‌కి లోకల్‌హోస్ట్ అంటే తనే. తన జేబులో తనే వెతుక్కుని లేదంటుంది. కంపోజ్‌లో పక్క సర్వీసుని దాని పేరుతో పిలిస్తే చాలు, పలుకుతుంది. డిపెండ్స్ ఆన్ అని రాస్తే పోస్ట్‌గ్రెస్ సిద్ధమయ్యాకే బిల్లులు లేస్తుందనుకున్నాడు. అలా ఉత్తినే రాస్తే ముందు దాన్ని లేపుతుంది, అంతే. మొహం కడుక్కుందా, పలకడానికి సిద్ధంగా ఉందా అని చూడదు. అది చూడాలంటే హెల్త్‌చెక్ రాసి, ఆరోగ్యంగా ఉన్నాకే అని షరతు పెట్టాలి.

పోర్టు విషయంలో మాత్రం గుండె ఆగినంత పనైంది. పోస్ట్‌గ్రెస్ పోర్టు 5432ని బయటికి తెరిచి పెట్టాడు. "ఫైర్‌వాల్ ఉంది కదా అంకుల్, యూఎఫ్‌డబ్ల్యూలో మూసేశాను" అన్నాడు. మా ఇంటికొచ్చి నా ల్యాప్‌టాప్ నుంచి తట్టి చూశాను, తలుపు తీసింది. డాకర్ పోర్టు తెరిచేటప్పుడు తన రూళ్లు తనే ఐపీటేబుల్స్‌లో రాసుకుంటుంది. వచ్చినవాళ్లని యూఎఫ్‌డబ్ల్యూ కాపలా ఉన్న గుమ్మం దాకా రానివ్వకుండానే పక్కకు తిప్పి లోపలికి పంపేస్తుంది. గేటు దగ్గర వాచ్‌మన్ లాఠీ పట్టుకుని నిలబడే ఉన్నాడు, వెనక గోడలో తలుపు కొట్టి ఉంది. ఆ వరస తీసేశాను. ఒకే నెట్‌వర్కులో ఉన్న కంటైనర్లు మాట్లాడుకోవడానికి అసలు అది అక్కర్లేదు. ఎన్నాళ్లు తెరిచి ఉందో అడిగితే వాడు సీలింగు ఫ్యాను వైపు చూశాడు.

ఒక నవ్వుకునే విషయం. వాడు పరీక్షల కోసం లేపి వదిలేసిన కంటైనర్లు నలభై దాకా చచ్చి పడి ఉన్నాయి. మనం పేరు పెట్టకపోతే డాకరే ఒక విశేషణం, ఒక పెద్దమనిషి పేరు కలిపి పెడుతుంది. జాబితాలో రామన్ ఉన్నారు, రామానుజన్ ఉన్నారు. ఒకటి చూసి నేను కుర్చీలోంచి లేచాను. యాంగ్రీ విశ్వేశ్వరయ్య! 1908లో మూసీ వరద వచ్చి ఊరు తుడిచిపెట్టుకుపోయాక హైదరాబాదుకు వరద కట్టడి ఆలోచన చెప్పిన మోక్షగుండం వారు, ఇక్కడ ఆగిపోయిన పరీక్ష ప్రాసెసు. కోపం రాదా మరి? చెరిపేయమంటే చేతులు రాలేదు. వాడే చెరిపాడు.

జూలైలో ఇంకోటి జరిగింది. ఏదో మొరాయిస్తోందని వాడు ఎక్కడో చూసిన సలహా పట్టుకుని 'డౌన్' కొట్టాడు. పక్కన మైనస్ వి కూడా కొట్టాడు. ఆ ఒక్క అక్షరం వాల్యూములను కూడా ఊడ్చేయమని. కంటైనర్ పోతే మళ్లీ కట్టుకోవచ్చు. వాల్యూములో ఉన్నది జనం కట్టిన డబ్బుల లెక్క. 212 ఇళ్ల లెక్క. రాత్రి పదిన్నరకు తెల్లగా పాలిపోయిన మొహంతో మా తలుపు దగ్గర నిలబడ్డాడు.

"వాళ్ల నాన్నకు చెప్పొద్దంటున్నాడండీ" అంది మా ఆవిడ.

నేను చెప్పలేదు. మొదటి ఆదివారమే వాడికి తెలియకుండా ఒక క్రాన్ జాబ్ పెట్టాను. రోజూ రాత్రి రెండింటికి పీజీడంపు తీసి, వేరే చోటికి కాపీ చేసేది. రెండు వరసలు. ఏ కంటైనర్‌లోనూ లేదు, ఏ యామల్‌లోనూ లేదు. 1998లో గోదావరికి రాసిన స్క్రిప్టుకి మనవడు. ఆ ఒక్క రోజు ఎక్కించినవి తప్ప అన్నీ తిరిగొచ్చాయి. వాడు నా కాళ్లు పట్టుకోబోతే, మా ఆవిడ ముందు ఉప్మా తినమంది.

ఆ రాత్రి తర్వాత ఇద్దరం కూర్చుని 11ని అయిదు చేశాం. పాత లాగిన్‌కి కర్మ చేశాం. లాగిన్, బిల్లులు, ట్యాంకర్లు, విజిటర్లు నాలుగింటినీ మళ్లీ ఒకే ప్రోగ్రాము చేశాం, పీడీఎఫ్‌ని కూడా అందులోనే కూర్చోబెట్టాం. రెడిస్ పోయింది. రాబిట్‌ని కూడా పంపించేద్దామంటే, వద్దు, అది రెజ్యూమెలో ఉంది అన్నాడు. రాబిట్, ఎస్సెమ్మెస్ మిగిలాయి. అయిదు కంటైనర్లు, 4 జీబీ మెమరీలో సగం ఖాళీ.

వారం తిరక్కుండా, "అంకుల్, దీన్ని కుబర్నెటీస్‌లో పెడదామా?" అన్నాడు. అమీర్‌పేటలో కోర్సులో చేరాట్ట. మా రోజుల్లో అమీర్‌పేట బోర్డుల మీద ఒరాకిల్, సోలారిస్ అని ఉండేది, అవే గోడలు, అవే మెట్లు. కుబర్నెటీస్ అంటే గ్రీకులో ఓడకు చుక్కాని పట్టేవాడు. గూగుల్ వాళ్లు వేల యంత్రాలు నడుపుకునే అనుభవంతో 2014లో బయటికి వదిలింది. పెద్ద ఓడలకు కావాల్సిందే, కాదనను. మనది హుస్సేన్ సాగర్‌లో తొక్కుడు పడవ. దానికి సరంగు ఎందుకు నాన్నా అన్నాను. ఆలోచిస్తానన్నాడు. ఆలోచించడం లేదని నాకు తెలుసు.

నిన్న రాత్రి రెండుంపావుకి నా ఫోను మోగింది. ఎస్సెమ్మెస్ కంటైనర్ అనారోగ్యంగా ఉందని మెసేజి. ఎలర్టుల్లో నా నంబరు పెట్టాడు, నన్నడగలేదు. మా ఆవిడ అటు తిరుగుతూ, "ఎవరండీ ఈ వేళప్పుడు?" అంది. మంచం మీదే ల్యాప్‌టాప్ తెరిచి చూశాను. 137తో ఆగిపోయి ఉంది. అంటే మెమరీ హద్దు దాటితే కెర్నెల్ మెడ పట్టుకుని గెంటేసిందన్నమాట. హద్దు కొంచెం పెంచి మళ్లీ లేపాను. ఏడు నిమిషాలు పట్టింది.

1999లో ఇదే వేళకు పేజరు మోగితే స్వెట్టరు వేసుకుని, బజాజ్ స్కూటరు వంచి వంచి స్టార్టు చేసి బేగంపేట వెళ్లేవాణ్ణి. పని తేలేసరికి తెల్లారేది. తిరిగొస్తూ సికింద్రాబాద్ స్టేషన్ ఎదురుగా ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కెట్ ముంచుకుని రెండు చాయ్‌లు తాగేవాణ్ణి, ఆఫీసు ఖర్చుతో. నిన్న వంటింట్లోకి వెళ్లి చూస్తే పాలు కూడా లేవు.